ధారకు టికెట్

పొద్దున ఎనిమిదింటికి అంతయ్య గేటు తాళం తీస్తాడు. అంతకు ముందే కుర్చీ తుడుచుకుంటాడు, టికెట్ బుక్కులకు చుట్టిన రబ్బరు బ్యాండు విప్పి మణికట్టుకు వేసుకుంటాడు, ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె సగం తిని సగం మధ్యాహ్నానికి దాచుకుంటాడు. తర్వాత ధారకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఐదేళ్ళుగా ఇదే పని. అరవై మూడేళ్ళ మనిషి, పుట్టి పెరిగింది ఎడ్లబండలోనే. ఆదిలాబాద్ అడవుల్లో ఎడ్లబండ జలపాతం అంటే తెలియనివాళ్ళు లేరు. దాన్ని అంతయ్య మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఇందులో విచిత్రమేమీ లేదు. ఆ ధారను ఎవరు చూసినా దోసెడు నీళ్ళు తరుగుతాయి. ఆ దోసెడు చూసినవాళ్ళ కళ్ళలోకి పోతుంది. ఎలా ఉందో నలుగురికి చెప్పుకుంటే, చెప్పినకొద్దీ అదీ విన్నవాళ్ళలోకి పోయి తరిగి, చివరికి ఏం చూశారో వాళ్ళకే గుర్తుండదు. ధార కింద మూడు వందల ఎకరాల వరి ఉంది కాబట్టి ఊరివాళ్ళు చూడరు. ఆడవాళ్ళు వెనక్కి నడిచి వెళ్ళి బిందెలు ముంచుకుంటారు. గొర్లకాపరులు ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకుని దాటిపోతారు. గొర్లు చూస్తే ఫరవాలేదు, వాటికి చెప్పుకునే అలవాటు లేదు. మనిషికి మాత్రం జన్మకు ఒక్క చూపే. అది కూడా పెళ్ళయిన ఏడు, కోతలు అయిపోయి నీళ్ళతో పని తీరాక, మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకుని వెళ్ళి ఒకేసారి చూసి వస్తారు. ఎలా ఉందని ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు.

అంతయ్య, లింగవ్వల పెళ్ళయిన ఏడు కరువు. వచ్చే ఏడు చూద్దామనుకున్నారు. వచ్చే ఏడు పెద్దబిడ్డ కడుపులో పడింది. ఆ పై ఏడు చివరి మడికి నీళ్ళందక ఊరంతా కొట్టుకుంది, అప్పుడు చూపు మాట ఎత్తడానికి సిగ్గనిపించింది. లేనివాడి కోరికకు వాయిదాలే ఎక్కువ. అలా నలభై ఏళ్ళు గడిచాయి.

ఈ ఆషాఢంలో కరీంనగర్‌లో కంటి డాక్టరు లింగవ్వ కళ్ళలోకి లైటు వేసి చూశాడు. నరం ఎండిపోతోందనీ, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ, చుక్కల మందు వేస్తుంటే శివరాత్రి దాకా చూపు నిలవొచ్చనీ చెప్పాడు. తిరుగు బస్సులో లింగవ్వ కిటికీ పక్కన కూర్చుని, ఇల్లు వచ్చేదాకా పొలాలనూ చెట్లనూ కరెంటు స్తంభాలనూ కూడా వదలకుండా చూసింది. బస్సు దిగేటప్పుడు ఒక్కమాట అడిగింది.

"ఈపారి కోతలు కాంగనే ధార కాడికి పోదాం. ఇగ ఆపుడు లేదు."

"పోదామే. నేనెందుకు వద్దంట?" అన్నాడు అంతయ్య.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె తనకోసం అడిగింది ఇదొక్కటే.

ఇక గేటు సంగతి. ఐదేళ్ళ క్రితం సదానందం సార్ జీపులో వచ్చాడు. టూరిజం ఆఫీసరు, చెడ్డవాడు కాదు. ఊరివాళ్ళు చెప్పింది నమ్మి ఫైల్లో రాసుకున్నాడు కూడా: సందర్శకుడికి దోసెడు. వానాకాలం వచ్చే నీళ్ళెన్ని, వరికి కావలసినవెన్ని, మిగిలినవాటిలో దోసిళ్ళెన్ని అని కాగితం మీద వేసి, రోజుకు నాలుగు వందల మందిని రానిస్తే ధారకూ పంటకూ ఢోకా లేదని తేల్చాడు. నాలుగు వందల టికెట్లు చింపి గేటు మూయడానికి అంతయ్యను పెట్టాడు. మొదటి ఏడు అంతా సవ్యంగానే నడిచింది.

రెండో ఏడు నాలుగు వందల ఒకటో మనిషి నుంచి గొడవలు మొదలయ్యాయి. రద్దీ తగ్గించడానికి టికెట్టు ఇరవై నుంచి యాభై చేశారు. జనం తగ్గలేదు సరికదా రెట్టింపయ్యారు. యాభై పెట్టారంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని మందమర్రి నుంచీ మంచిర్యాల నుంచీ బస్సులు కట్టుకుని వచ్చారు. ఊరివాళ్ళు మక్క కంకులు కాల్చి అమ్మారు, మిరపకాయ బజ్జీల బండ్లు పెట్టారు. సర్పంచ్ లక్ష్మీరాజం ధార కింది రెండెకరాల మడి చదును చేసి పార్కింగు చేశాడు. "వరి కన్న కార్లే నయం, కలుపు తీసే పని లేదు" అని నవ్వేవాడు. హైదరాబాద్‌లో ఎవరో పెద్దమనిషి ఇంకో నియమం పెట్టాడు. ఏ చోటికి ఎక్కువ మంది వస్తే వచ్చే ఏడు ఆ చోటికే ఎక్కువ నిధులు. నీళ్ళ ఫైలు, తలల ఫైలు రెండూ సదానందం సార్ బీరువాలోనే ఉండేవి. తలల ఫైలు పైన ఉండేది.

ఈ ఏడు దసరా ముందు ఎవరో కుర్రాళ్ళు తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. పండుగ సెలవుల మొదటిరోజే గేటు ముందు రెండు వేల మంది నిలబడ్డారు. సదానందం సార్ స్వయంగా వచ్చి చెప్పాడు.

"అంతయ్యా, నాలుగు వందల రూలు పది రోజులు పక్కకు పెట్టు. ఎంతమంది వస్తే అంతమందిని వదులు."

"సారూ, వరి పాలు పోసుకుంటుంది. ఇప్పుడు నీళ్ళు తగ్గితే అంత తాలే అయితది."

"నాకు తెల్వదా? పైనుంచి ఫోనొచ్చింది. ఈ పది రోజుల్ల మంది లెక్క చూపెట్టకపోతే వచ్చే ఏడు రోడ్డు రాదు, నీ జీతం కూడ రాదు."

అంతయ్య తల గోక్కున్నాడు. "మా ముసల్ది కోతలైనంక చూస్తనన్నది సారూ. దానికి చూపు పోతున్నది."

"అయ్యో, అట్లనా! ఆమెకు టికెట్ ఎందుకయ్యా, ఎప్పుడన్న తీసుకరా" అన్నాడు సార్. మనస్ఫూర్తిగానే అన్నాడు, జీపెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడే గేటు మూసేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అంతయ్య మూయలేదు. ఆ జీతంతోనే లింగవ్వకు చుక్కల మందు వస్తోంది. రెండు చేతులతో టికెట్లు చింపాడు. పక్కవాళ్ళ తప్పులు చెప్పేటప్పుడు ఈ తప్పు కూడా చెప్పాలి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి పీట మీద కూడా కూర్చోకుండా అన్నాడు: "రేపే పోదామానే? కోతల దాక ఉంటదో ఉండదో."

లింగవ్వ చింతపండు పిసుకుతూ తల ఎత్తింది. "పంట మీదుండంగ చూస్తరా ఎవలన్న? మన రెండు దోసిళ్ళు ఎవలి మడికో పోతయి. ముందు ఊరు తిననియ్యి."

"వాళ్ళు వేలమంది చూస్తుండ్రే!"

"వాళ్ళకు మడి లేదు. మనకున్నది."

మొండితనం అనుకోవచ్చు, మంచితనం అనుకోవచ్చు. ఎడ్లబండలో పుట్టిన ఏ ఆడమనిషయినా అదే అనేది.

ఐదేళ్ళు వీపు పెట్టి కూర్చున్నవాడికి ధార ఎంతుందో చూడనక్కరలేదు. మొదటిరోజు గేటు దగ్గర మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చింది. నాలుగోరోజుకు మామూలుగా మాట్లాడితే వినపడింది. ఏడోరోజుకు టికెట్టు చింపిన చప్పుడు కూడా వినపడింది. పదోరోజు ఒకతను బయటికి వస్తూ "గిదేనా? దీనికి యాభయా?" అని టికెట్టు ముక్క విసిరేశాడు.

వరి తాలు పోయింది. కంకి పట్టుకుంటే బరువే లేదు. చాలామంది కోతకూలీ దండగని పశువులను మడుల్లోకి తోలారు. అలా ఈ ఏడు కోతలు తొందరగానే అయిపోయాయి.

కార్తీకంలో ఒక సోమవారం అంతయ్య, లింగవ్వ ధార దగ్గరికి బయలుదేరారు. ఆమె పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. గేటు తీసే ఉంది, కంకులు కాల్చే బండ్లు బోర్లించి ఉన్నాయి. ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ వెనక్కి నడిచారు, ఆమె ఒక చేత్తో అతని భుజం పట్టుకుంది. బండ దగ్గర ఆగారు. చప్పుడు లేదు. అంతయ్య చెవి పెట్టి విన్నాడు. పైన రాతి అంచున నీళ్ళు ఊరి, నిండి, ఒలకబోతున్నట్టు సన్నగా ఏదో వినిపించింది. ఎంతుందో అతనికి అర్థమైంది. ఒక్క దోసెడు.

"నేను మూడంటే ఇద్దరం తిరుగుదాం" అన్నాడు.

"ఊఁ."

"ఒకటి. రెండు. మూడు."

లింగవ్వ తిరిగింది. అంతయ్య తిరగలేదు. ఊరివైపు, తాలు పోయిన మడులవైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక ఆమె ఊపిరి పీల్చుకోవడం వినపడింది, తర్వాత నీళ్ళు ఒలికే ఆ సన్నటి చప్పుడు కూడా ఆగింది. ఆమె చెయ్యి వచ్చి అతని చేతిని వెతుక్కుంది.

"నువ్వు తిర్గలే" అంది.

"తిర్గినా."

"అబద్ధమాడకు. ఒక్కరి మందమే ఉండె."

దారి పొడుగునా లింగవ్వ ఏడ్చింది. అంతయ్యకు మాత్రం ఆ పూట మనసు తేలికగానే ఉంది.

మర్నాటికి ధార పూర్తిగా ఎండింది. పది రోజుల్లో వచ్చిపోయిన వేలమందిని ఊరు మరిచిపోయింది, వాళ్ళకు పేర్లు లేవు కదా. పేరున్నది లింగవ్వకు. "లింగవ్వ చూసింది, ధార ఆగింది" అన్నారు. చదును చేసిన మడిలో నిలబడి లక్ష్మీరాజమే అందరికన్నా గట్టిగా అన్నాడు. పై ఆఫీసుకు పోయిన రిపోర్టులో కూడా చివరి చూపు ఒక స్థానిక మహిళదని రాశారు. బావి దగ్గర ఆమెకు చేద ఇవ్వడం మానేశారు.

శివరాత్రికి ఆమె చూపు పోయింది. అంతయ్య ముఖం పోయింది, వాకిలి పోయింది, పగలూ రాత్రీ తేడా పోయింది. కళ్ళ ముందు ఆ ధార ఒక్కటే దూకుతూ మిగిలింది. డాక్టరు చెప్పని సంగతి అదొక్కటే. ఆమెకు కాస్త ధైర్యం ఇచ్చింది కూడా అదే.

సదానందం సార్ మళ్ళీ వచ్చాడు. బస్సులు ఇంకా వస్తూనే ఉన్నాయి, చూపించడానికి ఏమీ లేదు. ఆయన అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"అవ్వా, నువ్వు చూసింది జర చెప్పు వాళ్ళకు. నీ వాకిట్లనే టికెట్ పెడుదాం. అంతయ్య కొలువు అంతయ్యకే ఉంటది."

ఇంట్లో గింజలు లేవు. లింగవ్వ ఒప్పుకుంది. వాకిట్లో షామియానా వేశారు, ధారను చివరిగా చూసిన మనిషి అని బోర్డు కట్టారు. ఆమె రోజంతా కుర్చీలో కూర్చుని "పైన రెండు నల్లబండలుంటయి బిడ్డా, వాటి నడుమ..." అని మొదలుపెట్టేది. ప్రతి గుంపుకూ కాస్తంత తరిగేది. అంతయ్య తన దర్వాజా దగ్గరే టికెట్లు చింపుతూ, పెళ్ళానికి వీపు పెట్టి, రెండు చెవుల్లో చేనిపత్తి కూరుకుని కూర్చునేవాడు. ఒక్క మాట విన్నా ఆమెకు అంత తరుగుతుందని అతని భయం.

చైత్రంలో ఒక మధ్యాహ్నం బెల్లంపల్లి బస్సు దిగి నలభై మంది వాకిట్లో కూర్చున్నారు. లింగవ్వ మొదలుపెట్టలేదు.

"మీరు జర బయట నిలవడుండ్రి. మా ముసలోనితోని పనున్నది" అంది.

జనం గొణుక్కుంటూ లేచారు. ఆమె గోడ పట్టుకుని నడిచి వచ్చి, అంతయ్య చెవులు తడిమి పత్తి పీకేసింది.

"సుక్కంత మిగిలింది. నీకు చెప్త, విను."

"వద్దే!" అంతయ్య చెవులు మూసుకున్నాడు. "అది కూడ పోతే నీకేమున్నది? అంత చీకటే."

"ఎల్లుండికి గీ మంది తాగిపోతరు, అప్పుడు కూడ చీకటే. నీ వంతు కూడ నేనే చూసిన. అది అరుగుతలేదు నాకు." ఆమె అతని చేతులు పట్టి కిందికి లాగింది. "విను."

అంతయ్య విన్నాడు. ఆమె మెల్లగా, ఒక్కటీ దాచుకోకుండా చెప్పింది. అతని కళ్ళలో ధార దూకడం మొదలైనప్పుడు ఆమె మాట ఆగిపోయింది. తర్వాత ఆమె తల ఎటు తిప్పాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పింది. అంతయ్య ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు.

సంగతి తెలిసి సదానందం సార్ సాయంత్రానికల్లా వచ్చాడు.

"నీకు చెప్పిందట కదా. ఇగ నువ్వు చెప్తవా అంతయ్యా? టికెట్ అట్లనే నడుపుదాం."

"చెవులల్ల పత్తి ఉండె సారూ. నేనేం వినలే."

సార్ అతని కళ్ళలోకి చూశాడు. ఏం కనపడిందో ఏమో, ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారంలో షామియానా విప్పారు, కొలువు పోయింది.

ఇప్పుడు అంతయ్య పెద్దపల్లిలో ఒక రైసుమిల్లుకు వాచ్‌మన్. మిల్లు వెనక రేకుల గదిలో ఇద్దరూ ఉంటారు. ఎక్కడెక్కడి వడ్లో లారీల్లో వస్తుంటాయి, అతను లారీ నంబర్లు రాసుకుంటాడు. ఎడ్లబండ నుంచి ఒక్క లారీ కూడా రాదు. పొద్దున లింగవ్వకు జడ వేసి, చెయ్యి పట్టుకుని నల్లా దాకా తీసుకెళ్తాడు. ఆమె అప్పుడప్పుడు అడుగుతుంది.

"ఎట్లున్నదయ్యా?"

అంతయ్యకు అంతా చెప్పెయ్యాలనిపిస్తుంది, నోటిదాకా వస్తుంది. పళ్ళు బిగబట్టి ఊరుకుంటాడు.

"మంచిగున్నది."

"గంతేనా?"

"గంతే."

అంతకన్నా ఎక్కువ చెప్పకపోతేనే ఆమెకు నిమ్మళం. ఇంకా ఉందన్నమాట అనుకుని, బిందె నల్లా కింద పెడుతుంది.