పంటు మీద టిక్కుమన్న బండి

నేను ఒక పికప్ బండిని. నీలం రంగు, మొండి ముక్కు, వెనక తలుపు మీద 'నన్ను చూసి ఏడవకు' అనే రాత. పెద్ద కార్ఖానాలో పుట్టాను. నాతోపాటు పుట్టినవాళ్లంతా అచ్చం నాలాగే ఉండేవారు కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఆ రాత రాయించింది నా మొదటి యజమాని, సోడాల కంపెనీ ఆయన. చివరికి నన్ను అమ్మేటప్పుడు వెనక నిలబడి ఆయనే ఏడ్చాడు. తర్వాత టెంటుహౌసువాళ్ల చేతిలో పడ్డాను. పెళ్లికీ, దినానికీ అవే కుర్చీలు మోశాను. మనుషులే ముఖాలు మార్చుకుని కూర్చునేవారు.

ఆ తర్వాత గంగాచలం నన్ను కొన్నాడు. కొన్నది తనకోసం కాదు, పెళ్లాం వీరవేణి కోసం. అంతకు ముందు ఏడాది ఆవిడ చేపల చెరువు కౌలుకి తీసుకుంది. అద్దె బండివాడు దారిలో టీలు తాగుతూ కూర్చోబట్టి చేపపిల్లలన్నీ సంచుల్లోనే చచ్చిపోయాయి. తప్పు బండివాడిది, పేరు మాత్రం ఈవిడకి వచ్చింది. "వేణి చేతిలో చేప బతకదు" అని ఊరంతా తీర్మానించేసింది. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగిపోయింది. ఈసారి పిల్లలు బతికితేనే మళ్లీ చెరువు, లేకపోతే వదిలేస్తానని నా ముందు సీట్లో కూర్చుని మొగుడితో చెప్పింది. నేను విన్నాను.

మహర్నవమి నాడు గంగాచలం నాకు తలంటినంత పని చేశాడు. బ్యాటరీ ఊడదీసి మరీ తుడిచాడు. వీరవేణి పసుపు నూనెతో కలిపి, గడపకి పూసినట్టు, కనిపించిన చోటల్లా పూసేసింది. బ్యాటరీ నెత్తిన ఉండే రెండు సీసపు బొడిపెల్నీ వదల్లేదు. దళసరిగా పూసి బొట్టు కూడా పెట్టింది. గంగాచలం కళ్లకద్దుకుని, ఆ పసుపు మీదే వైర్ల పట్టీలు తొడిగి బిగించేశాడు. పూజ పేరున జరిగేదానికి బండి నోరెత్తుతుందా? తడి ఉన్న నాలుగు రోజులూ బాగానే తిరిగాను. ఆ తర్వాత ఆ పసుపు ఎండి పెచ్చు కట్టడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే చేపపిల్లల రోజు వచ్చింది. ఆక్సిజన్ నింపిన సంచులు నా వీపున నిండా ఎక్కించుకుని, మొగుడూ పెళ్లాలతో కలిసి, గోదారి వశిష్ట పాయ దాటడానికి, బండ్లని ఏరు దాటించే పంటు ఎక్కాను. అవతలి రేవుకి చేరాక గంగాచలం తాళం తిప్పాడు.

టిక్.

మళ్లీ తిప్పాడు. టిక్. నా ఒంట్లో బలం నిండా ఉంది, గొంతు మాత్రం పెగలడం లేదు!

"గమ్మున దింపండి బాబూ!" పంటు నడిపే సరంగు అరిచాడు. "ఆటు తీసేత్తంది, నీళ్లు దిగిపోతన్నాయి. పంటు బురదలో కూకుంటే సాయంత్రం దాకా అందరం ఇక్కడేనండి."

సాయంత్రం దాకా అంటే నా వీపున ఒక్క ప్రాణం మిగలదు. ఎండకి సంచులు అప్పుడే వేడెక్కుతున్నాయి. తోద్దామంటే ఎదురుగా రేవు ఏటవాలు, పైగా నీళ్ల బరువు. పదిమంది చెయ్యేసినా ఇంచు కదల్లేదు.

"దిష్టండీ, దిష్టి. నిమ్మకాయలు తొక్కించారా?" అన్నాడు పక్కనున్న కొబ్బరికాయల షావుకారు.

"నాలుగు చక్రాలకీ తొక్కించానండి," అన్నాడు గంగాచలం నీరసంగా.

"అయితే బ్యాటరీ పోయుంటాది."

గంగాచలం హారన్ నొక్కాడు. నేను మోగిన మోతకి షావుకారు చెవులు మూసుకున్నాడు. బ్యాటరీ పోలేదు. అయితే స్టార్టరు అన్నారు. స్పానర్‌తో దాని నెత్తిన నాలుగు వడ్డించారు. పాపం, దానికేం తెలుసు! ఆఖరికి గంగాచలం హెడ్‌లైట్లు వేసి వీరవేణిని ఎదురుగా నిలబడమన్నాడు.

"తాళం తిప్పగానే గుడ్డిదీపాలైపోతన్నాయండీ!" అంది ఆవిడ.

"అయితే కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతంది," అంటూ అతను బానెట్ ఎత్తాడు. వీరవేణి తొంగి చూసి ముక్కు ఎగబీల్చింది.

"ఏవండీ, పసుపు మాడిన వాసనొత్తంది."

"ఇంటికాడ పొయ్యి మీద ఏవన్నా మర్చిపోయావేటే?"

"ఇంటికాడ కాదండీ, ఇక్కడ!" అంటూ బ్యాటరీ బొడిపె మీద వేలు పెట్టి చురుక్కుమని లాగేసుకుంది.

గంగాచలం పట్టీ ఊడదీశాడు. లోపల కరెంటుకి అడ్డంగా పసుప్పచ్చని పెచ్చు. వీరవేణికి కళ్లనీళ్లు తిరిగాయి.

"నా చేత్తో నేనే ఆపేసుకున్నానండీ. ఊళ్లోవాళ్లన్నది నిజవే."

"బిగించినోణ్ణి నేను కాదేటి? ఏడుపు తర్వాత, ముందు పీచు అట్రా!"

షావుకారు కాయల మీది పీచు గుప్పెడు పీక్కొచ్చి, ఇత్తడి కుందులు తోమినట్టు తోమింది ఆవిడ. బొడిపెలు తళతళలాడాయి. గంగాచలం పట్టీలు బిగించి తాళం తిప్పాడు.

ఆహా! ఏం చెప్పమంటారు! ఒక్క ఉరుము ఉరిమాను. పొగ చిమ్ముతూ ఆ ఏటవాలు ఒక్క ఊపున ఎక్కేశాను. వెనక పంటు పంటంతా ఈలలు వేసింది. "ఆయ్! అదీ బండంటే!" అని సరంగు తలపాగా ఊపాడు. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

చెరువు గట్టున ఊళ్లోవాళ్లు చూస్తుండగా వీరవేణి మోకాళ్లలోతు నీళ్లలోకి దిగింది. సంచులు కాసేపు నీళ్లపై తేలనిచ్చి, మొదటిది విప్పింది. వేడినూనెలో ఆవాలు చిటపటలాడినట్టు పిల్లలు నీళ్లలోకి చెల్లాచెదరయ్యాయి.

"బతికే ఉన్నాయండీ!" అని ఆవిడ అరిచిన అరుపు నా హారన్‌ని మించింది.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. చక్రాలు తీసేసి ఆ గట్టు మీదే నిలబెట్టారు. చేపల మేత బస్తాలు నాలో పెట్టుకుంటారు. చుట్టుపక్కల ఎవరు చెరువులో పిల్లల్ని వదలాలన్నా, చేతివాసి మంచిదని మొదటి సంచి వీరవేణి చేతనే విప్పిస్తారు. నవమి వస్తే ఆవిడ పసుపు గిన్నెతో నా దగ్గరికొస్తుంది. బానెట్‌కి తృప్తిగా పూస్తుంది. బ్యాటరీ ఉండే చోటికి మాత్రం చేతులు వెనక్కి తీసుకుని దూరం నుంచే దణ్ణం పెడుతుంది. అక్కడ బ్యాటరీ తీసేసి చాలా ఏళ్లయింది.