మూడో వంతు జాగ

సత్తుపల్లిల చందూలాల్ గోదాము షట్టర్ ఎత్తంగనే ఆతియాకు కడుపు మండిపోయింది. మొగుడు రహీం బతికున్నప్పుడు ఆ కిరాయి గోదాములో సగం వాళ్ల టెంట్ హౌస్ సామాను, సగం మరిది పర్వేజ్ రిపేరు చేసి అమ్మే పాత కూలర్లు ఉండేవి. రహీం పోయినంక ఆమె నాలుగు నెలల పది దినాల ఇద్దత్ పాటించుకుంట గడప దాటకుండ ఇంట్ల కూసున్నది. అదే సందని పర్వేజ్ గోదాము నిండా కూలర్లు పరిచేసిండు. రహీం వంట డేగిసాలు, కుర్చీలు, షామియానా పైపులు అన్నీ వెనక రేకుల కింద వానకు నానుతున్నయి. సిగ్గుండాలె మనిషికి!

"జాగ లేదు భాభీ. అమ్మేసెయ్. ఆడదానివి, నువ్వేం టెంట్లేస్తవ్?" అన్నడు పర్వేజ్, పండ్లల్ల పుల్ల పెట్టుకుంట.

ఆ సామాను పోతే ఆమె బతుకుదెరువు పోయినట్టే. ఆతియా మూల దిక్కు చెయ్యి చూపి, "నాకు సగం వద్దు. ఆ మూల మూడో వంతు ఇయ్యి. అండ్లనే మొత్తం పట్టిస్త," అన్నది.

పర్వేజ్ పడీపడీ నవ్విండు. "పట్టిస్తే ఆ జాగ నీదే పో! పట్టకపోతే పాత ఇనుప సామాన్లోనికి తూకమేస్త." గోదాము ఓనర్ చందూలాల్ షట్టర్ కాడ నిలబడి ఆ మాట విన్నడు.

తెల్లారి ఆతియా కొంగు నడుముకు దోపింది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దింపి దొంతులు పెట్టింది. ఊరి పక్క బొగ్గు గనిల బ్లాస్టింగుకు సత్తుపల్లిల గోడలు దడదడలాడుతయి, గోడకానిచ్చిన సామాను ఒకనాడు నెత్తి మీదికే వస్తది. అందుకని రహీం చేసిన తీరుగనే దొంతుల మీద పైపులు అడ్డం పరిచి అటక కట్టింది. అటక ముందరి బరువంతా ఒక్క నిలువు పైపు మీద ఆనించింది. అటక మీద పెద్ద డేగిసాల చిన్న డేగిసా, దాంట్లో ఇంకా చిన్నది, నట్టనడుమ గరిటెలు. వాటి పక్కన జంపకానల చుట్టలు. పైనున్న సామానంతా దిగినంకనే నిలువు పైపు తియ్యాలని టెంట్ హౌస్ పని చేసినోళ్లందరికీ తెలుసు. పర్వేజ్ ఒక్కనాడు కుర్చీ మోస్తే గదా తెలిసేది!

పగటీలి పర్వేజ్ వచ్చి చూసిండు. సామానంతా పట్టింది, పైగా మనిషి తిరిగే సందు గూడ మిగిలింది. వాని మొఖం మాడిపోయింది.

"నన్నే నవ్వులపాలు చేస్తవా?" అని చెంప పగలగొట్టిండు. ఆతియా పెదవి చిట్లి రక్తం చుబుకం మీదికి కారింది. జుట్టు పట్టి షట్టర్ ఇనుముకేసి తల బాదిండు, ఒకసారి కాదు. ఆమె చేతికి అటక అంచున డేగిసాలకెళ్లి బిర్యానీ గరిటె దొరికింది. బలమంతా పెట్టి వాని మోచేతి మీద కొట్టింది. ఎముక పటుక్కుమన్నది. వాడు గావుకేక పెట్టి, ఆమె కడుపుల తన్ని, ఇంకో చేత్తో నిలువు పైపు పట్టిండు, దాంతోనే ఆమె తల పగలగొడదామని.

"ఆ పైపు ముట్టకు! ముట్టకురా పర్వేజ్!"

ఆడదాని మాట వాడెందుకు వింటడు? గుంజిండు. అటకకు అటకే వాని మీద కూలింది.

దుమ్ము అణగినంక చూస్తే పైపులు వాని ఛాతీ మీద అడ్డం పడ్డయి, కాలు మోకాలి కింద అవతలికి తిరిగింది. పెద్ద డేగిసా వాని తలపైన రెండు పైపుల నడుమ ఊగుతున్నది. చందూలాల్ ఉరికొచ్చి ఒక జంపకాన చుట్ట పట్టబోయిండు.

"ఆగన్నా! అది గుంజితే డేగిసా వాని మెడ మీద పడ్తది," అన్నది ఆతియా.

అంతల్నే గని సైరన్ మోగింది. ఇంకాసేపట్ల బ్లాస్టింగు. నేల కదిలితే డేగిసా ఆగదు.

"భాభీ... చస్తున్న... తియ్యి..."

చావనీ అనిపించింది ఆమెకు. నిజంగనే అనిపించింది. నోట్లె రక్తం ఉమ్మి, వాని మొఖం ముందర కూసున్నది.

"నా జాగ ఎంత?"

"మొత్తం నీదే! గోదామంతా తీస్కో!"

"భయానికి ఇచ్చేది నాకొద్దు. నిన్న ఏమన్నవో అది చెప్పు."

"మూడో వంతు... ఆ మూల... నీదే భాభీ!"

"విన్నవా చందూలాలన్నా?"

"విన్న బిడ్డా, జల్దీ తియ్యి!"

ఆమె సన్న చుట్ట ఒకటి డేగిసా కింద ఒత్తింది. ఎడమ దిక్కు పైపు మొదలు, నడిమిది తర్వాత, ఒక్కొక్కటే తీసింది. ఇద్దరు చంకల్ల చేతులు పెట్టి గుంజితే విరిగిన కాలు ఈడ్చుకుంట బయటికొచ్చిండు, పసిపోరని తీరు ఏడ్చుకుంట.

ధడేల్మని భూమి అదిరింది. డేగిసా దొర్లి, వాని తల ఉన్న కాడనే పడింది. గచ్చు పగిలింది. పర్వేజ్ ఆ పగులు దిక్కు చూసి, మంచి చేత్తో తన మెడ తడుముకున్నడు.

చందూలాల్ వాణ్ని ఆటోల వేసుకొని దవాఖానకు పోయిండు. ఆతియా కొంగుతో మూతి తుడుచుకొని మళ్ల కుర్చీలు ఎత్తింది. పొద్దుగూకేసరికి సామానంతా ఆ మూలనే పట్టింది. నిలువు పైపు మాత్రం ఈసారి లోపలి దిక్కు నిలబెట్టింది, ఇంకెవ్వని చెయ్యీ అందని కాడ.