దీవెనమ్మ గ్లాసు

కాలవ మీద పడవ పోతూ ఉంది, పడవ నిండా చర్చి బెంచీలు వేసి ఉన్నాయి, ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కెజియా ఒడిలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ ఉంది. బ్యాంకాక్‌లో బియ్యం ఏరక్కర్లేదనీ, ఇక్కడ బియ్యంలో రాయి కనిపిస్తే ఫోటో తీసి దాచుకోవాలనీ ఆమెకు తెలుసు, అయినా ఏరుతూనే ఉంది, ఎందుకంటే ముందు బెంచీలో తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నది ఆమె అత్తగారు దీవెనమ్మ, పోయి ఏడాది కావస్తున్న మనిషి, ఆవిడ ఎదుట చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం కెజియాకి ఇంకా అలవాటు కాలేదు.

పడవ ఒడ్డుకు చేరిందో, ఒడ్డే పడవ దగ్గరికి వచ్చిందో గాని, ఇప్పుడు వాళ్ళు ఒంగోలు మిషన్ కాంపౌండులో ఉన్నారు, కాకపోతే గేటు దాటగానే బ్యాంకాక్‌లో కెజియా వాళ్ళుండే సందు మొదలవుతోంది. పక్కింటి థాయి ఆవిడ పా నొయ్ వాకిట్లో ఒంటి స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి, అందులో ఆ నేలను కాచే దేవతలు, వాళ్ళ ముందు స్ట్రా వేసి పెట్టిన ఎర్ర కూల్‌డ్రింకు సీసా, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ గుడికి వీపు పెట్టి, నీలం ప్లాస్టిక్ కుర్చీలో దీవెనమ్మ కూర్చుని ఉంది. బతికున్నప్పుడూ అంతే. కొడుకు దయాకర్ వెంట ఈ దేశం వచ్చిన మూడేళ్ళూ సాయంత్రమయ్యేసరికి తన టీ గ్లాసు తీసుకుని పా నొయ్ వాకిట్లోకి వెళ్ళేది, వెళ్ళగానే ముందు కుర్చీని గుడికి వీపు పెట్టేలా తిప్పుకునేది, తర్వాతే వందనాలు. ఈవిడకి థాయి రాదు, ఆవిడకి తెలుగు రాదు, చీకటి పడేదాకా కబుర్లు మాత్రం తెగేవి కావు.

ఇప్పుడు దీవెనమ్మ చేతిలో ఆ స్టీలు గ్లాసే ఉంది, మీద 'మ. దీవెనమ్మ' అని పెళ్ళినాడు చెక్కించిన అక్షరాలున్న గ్లాసు, ఆవిడ పోయిన దగ్గర్నుంచి కనిపించకుండా పోయినది. అందులో అంచుదాకా టీ, టీలో స్ట్రా.

"ఎవురు పెడతన్నారు ఇది?" అంటుంది దీవెనమ్మ, గొంతులో చర్చి కమిటీ లెక్కలడిగే బిగువు.

"ఏది అత్తయ్యా?"

"టీ. పొద్దు వాలేసరికి చేతిలో ఉంటంది. రోజూ. నువ్వేగా?"

"పోయినవాళ్ళకి పెట్టడం మన ఇంటా వంటా లేదు కదండీ."

"లేదనేగా అడగతన్నా. అల్లం దంచి వేశారు. తురిమి కాదు, దంచి. ఈ దేశంలో నా టీలోకి అల్లం దంచేది ఎవురు?"

కెజియా ఆలోచిస్తుంది, ఆలోచించిన కొద్దీ తన పేరే వస్తోంది, చేతివేళ్ళు వాసన చూసుకుంటే నిజంగానే అల్లం. ఇది అన్యాయమని ఆమెకు తెలుసు. ఎదురు అనుమానపడటమే మేలనుకుని, "ఇంతకీ మీరు తాగుతున్నారా?" అంటుంది.

"నేనా? అర్పితం నేను ముట్టుకుంటానా?" అంటుంది దీవెనమ్మ. పై పెదవి మీద మీగడ గీత ఒకటి ఉన్నట్టుంటుంది, మళ్ళీ చూస్తే ఉండదు.

బెంచీల మీద పావురాలు వరసగా వచ్చి కూర్చుంటున్నాయి, అన్నీ బాగా ఒళ్ళు చేసినవి. కెజియా వాటిని గుర్తుపడుతుంది. పా నొయ్ అరిటాకులో చుట్టి తెచ్చే కొబ్బరుండల్ని దీవెనమ్మ రెండు చేతులా పుచ్చుకుని, ఇంటికొచ్చి, ముందు ఆ గుడి ముందు పెట్టి తెచ్చారేమోనని బాల్కనీలో వీటికే వేసేది. పెద్దావిడకి పావురాలంటే ప్రాణమనుకుని పా నొయ్ వాటికి వేరే పొట్లం కూడా తేవడం మొదలుపెట్టింది.

"ఆ ఉండలు గుడి ముందు పెట్టి తెచ్చేదా, తిన్నగా తెచ్చేదా?" అంటుంది దీవెనమ్మ, పావురాల వంక చూస్తూ.

"మీరు నన్ను అడగనిచ్చారా? ఎన్నిసార్లు అడగబోయినా చెయ్యి గిల్లారు."

"అడిగితే, అవునందనుకో. ఇక ఆ గుమ్మం ఎట్టా తొక్కేది?"

ఆ మాట తర్వాత కాంపౌండులో గంట కొట్టడం మొదలవుతుంది, గంట చప్పుడు బదులు పడవ ఇంజను చప్పుడు వస్తోంది, ఆ చప్పుడులోనే కెజియా ఏడాదిగా నోట్లో పెట్టుకున్న మాట బయటికి వస్తుంది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు బాల్కనీలోంచి చూశారు. నేను చేతులు జోడించాను."

"చూశా."

"జోడించింది గుడికి కాదండీ, పా నొయ్‌కి. ఇక్కడ పలకరింపంటే అదే కదా. ఆవిడ గుడి వెనకాల మొక్కలకి నీళ్ళు పోస్తోంది."

"నాకు గుడే కనపడింది."

"మరి అప్పుడే అడగొచ్చు కదా. ఒక్క మాట అనకుండా, అన్నం తిని, వారం తిరక్కుండా పోయారు. నన్ను నమ్మి పోయారో, నమ్మక పోయారో ఎట్లా తెలియాలి నాకు?"

దీవెనమ్మ గ్లాసుని వెలుతురుకి పట్టి చూస్తుంది, అమ్మకానికి వచ్చిన చీరని చూసినట్టు. కుర్చీ కొంచెం కొంచెంగా దూరం జరుగుతోంది, కాలవ మళ్ళీ మధ్యకి వస్తోంది.

"నువ్వు గుడికి కాదంటావు," అంటుంది చివరికి. "నేనైతే ఆవిణ్ణి చూడలేదంటాను. పెట్టేది ఎవురో ముందు కనుక్కో. పారబోద్దామంటే మనసు రావడంలా. సలసలా కాగతంది, అమ్మాయ్. పెట్టినోళ్ళు మర్యాద తెలిసినోళ్ళు."

"అత్తయ్యా, నమ్మారా లేదా?" అని కెజియా చేట పక్కన పెట్టి లేవబోతుంది, బియ్యమంతా కాలవలో ఒలికిపోతుంది, పావురాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

లేచింది పావురాలు కావు, కర్టెను. సోఫాలో కునుకు తీసిన కెజియా మెడ పట్టేసి ఉంది, మధ్యాహ్నం ఎండ సగం గోడ దిగింది. చేతివేళ్ళు వాసన చూసుకుంది. గిన్నెల సబ్బు. అయినా అల్లం వాసన వస్తూనే ఉంది, బాల్కనీ వైపు నుంచి.

చెప్పులేసుకుని కిందికి దిగింది. ఎండకి తట్టుకోలేక ఈ వేళప్పుడు ఆమె ఎన్నడూ గడప దాటదు. పా నొయ్ వాకిట్లో గుడి ముందు ఎర్ర సీసా ఉంది, సీసాలో స్ట్రా ఉంది, మరేమీ లేదు. గ్లాసు అక్కడ లేదు. మొక్కల దగ్గర నీలం కుర్చీలో ఉంది, దాని మీద 'మ. దీవెనమ్మ', లోపల నుంచి ఆవిరి. ఆ కుర్చీని ఎవరో జాగ్రత్తగా గుడికి వీపు పెట్టి తిప్పి ఉంచారు.

పా నొయ్ చేతిలో చిన్న రోలుతో గుమ్మంలోకి వచ్చి, దొంగతనం బయటపడ్డట్టు నవ్వింది.

కెజియా చేతులు జోడించబోయి ఆగింది. కాస్త పక్కకి, కుర్చీ ముందుకి జరిగి, తనకీ పా నొయ్‌కీ మధ్య గుడి అడ్డు లేదని చూసుకుని, అప్పుడు జోడించింది.