రెండో యా

ఒవీడియో బర్రీయా ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగతా రెండూ నాలుగేళ్ళ కిందట, ఆల్చిప్పల పడవ మీద తాడు చుట్టే యంత్రంలో పోయాయి. ఉన్న మూడింటితో ఆయన కట్టెలు కొడతాడు, బంగాళదుంపలు తవ్వుతాడు, చొక్కాకి గుండీలు పెట్టుకుంటాడు. వాటితోనే కంప్యూటర్ ముందు కూర్చుని పదకొండు మంత్రాలను పదిహేను సెకన్లలో వరస తప్పకుండా వెయ్యగలడా లేదా అన్నది ఇప్పుడొచ్చిన తగువు.

ఆట పేరు ఏడు బురుజులు. ఆడేది ఎనిమిది మంది. ఒకరిది చిలీ, ఒకరిది బొలీవియా, మిగతావాళ్ళు పెరూలోనూ చుట్టుపక్కలా. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు, గొంతులే పరిచయం. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడు గంటలు కలిసి కొట్లాడతారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇదేం ఆటని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. భార్య నోల్ఫా పోయాక చిలీలో చిలోయె దీవిలోని ఆ చెక్క ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచే గొంతులు ఆ మూడు గంటలే వినిపిస్తాయి. మిగిలిన వారమంతా రేకుల మీద వాన, పొయ్యిలో తడి కట్టెల చిటపట, రేడియోలో పడవల రాకపోకల కబురు. ఆ మూడు గంటలూ పోతే తన గతేమిటన్నది ఒవీడియో ఆలోచించడు. ఆలోచిస్తే నిద్ర రాదు.

తగువంతా ఏడో బురుజులో ఉన్న ఉప్పురాణి వల్ల వచ్చింది. యుద్ధం మొదలవగానే జట్టులో ఒకరు ఢంకా మోగిస్తారు. అది మోగే పదిహేను సెకన్లూ అందరి దెబ్బకీ రెట్టింపు బలం. ఆ లోపల రాణి ప్రాణంలో అయిదో వంతు తీసెయ్యాలి. తీయలేకపోతే ఆవిడ ఉప్పుగోడ వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది, ఇక ఎవడి తరమూ కాదు. ఆరు వారాలుగా వీళ్ళు వెంట్రుకవాసిలో తప్పిపోతున్నారు. ఎందుకు తప్పుతున్నారో అందరికీ తెలుసు. ఒవీడియో వరసలో ఆఖరిదీ, అన్నిటికన్నా బరువైనదీ పిడుగు. అది ఢంకా ఆగిపోయాక పడుతోంది. కచ్చితంగా చెప్పాలంటే సెకనులో మూడు పదో వంతులు ఆలస్యంగా.

జట్టు పెద్ద జెరెమీయస్ పెరూలోని త్రుహియో ఊళ్ళో కారు నడపడం నేర్పే మాస్టారు. ఎదుటివాడికి చేదు మాట చెప్పాల్సివస్తే ముందు తనే నీళ్ళు నమిలే రకం. పెద్దాయన కాబట్టి ఒవీడియోని అందరిలాగే దోన్ అని గౌరవంగా పిలుస్తాడు.

"దోన్ ఒవీడియో, ఏమీ అనుకోకండి," అన్నాడు కిందటి ఆదివారం. "మెండోసా ఊరి నుంచి ఫౌస్తో అని ఒకడు జట్టులో చోటు అడుగుతున్నాడు. ఆటలో వాడూ మీలాగే తుఫాను మాంత్రికుడే. వచ్చేవారం ఇంకోసారి చూద్దాం. అప్పటికీ పిడుగు ఢంకా ఆగాకే పడితే, ఆ ఒక్క బురుజు మటుకు వాణ్ణి..."

"వాడికి పది వేళ్ళా?"

"దోన్ ఒవీడియో!"

"ఊరికే అడిగాన్లే. వచ్చేవారం చూద్దాం."

ఆ ఒక్క బురుజు మటుకు అన్న మాటకి అర్థం ఆయనకి తెలుసు. పడవలో జబ్బుపడ్డవాడి బదులు ఆ ఒక్క రోజుకి ఎక్కినవాడు మళ్ళీ దిగడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున్నే పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనకవైపు వరస రాసుకుని కూర్చున్నాడు. ముందు గాలి, తర్వాత మబ్బు, మెరుపు, మళ్ళీ గాలి, అలా పోయి పోయి వడగళ్ళు, చివర పిడుగు. పిడుగుని ముందుకు జరుపుదామంటే కుదరదు. వడగళ్ళు పడ్డాకే పిడుగుకి పూర్తి బలం, వడగళ్ళకి మబ్బు నిండాలి, మబ్బు నిండడానికి పది సెకన్లు. ఉత్తర దేశాల ఆటగాళ్ళు రాసిపెట్టిన వరసలన్నీ తిరగేశాడు. వాళ్ళ చేతులు వేరు, వాళ్ళ ఇంటర్నెట్ వేరు. మెరుపు తీసేసి చూశాడు, దెబ్బ తగ్గింది. రెండో గాలి తీసేశాడు, మబ్బు నిండలేదు. చివరికి వరసని దాని మానాన వదిలేసి చేతి మీద పడ్డాడు. నాలుగు మంత్రాలని కుడిచేతి మౌస్ మీదికి మార్చాడు, మూడింటిని ఎడమ బొటనవేలి కిందికి తెచ్చాడు. ఆటలో గడ్డిబొమ్మని నిలబెట్టి దాని మీద సాధన మొదలెట్టాడు. మంగళవారం సాయంత్రానికి మణికట్టు వాచింది. వేడినీళ్ళలో ముంచి మళ్ళీ కూర్చున్నాడు.

బుధవారం నలభైసార్లు వేశాడు. నలభైసార్లూ పద్నాలుగున్నర సెకన్లలోపే పిడుగు పడింది.

దాంతో ఆయనకి మతి పోయింది. గడ్డిబొమ్మ దగ్గర పడే పిడుగు రాణి దగ్గర ఎందుకు పడదు? వానని తిట్టాడు, దీవికొచ్చే ఇంటర్నెట్ తీగని తిట్టాడు, తన వయసునీ తిట్టుకున్నాడు. ఎదురుగా మనుషులుంటే చెయ్యి వణుకుతోందేమోనని కూడా అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడికి ఆ అనుమానమే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించింది.

గురువారం మధ్యాహ్నం దెల్ఫీనా పిలిచింది. దెల్ఫీనా మమానిది బొలీవియాలోని ఒరూరో. బస్టాండులో పార్సిళ్ళ ఆఫీసులో పని. ఎవరు ఏ సెకనుకి ఏ మీట నొక్కారో ఆట రాసిపెట్టే చిట్టాలన్నీ జట్టు తరఫున చూసేది ఆమే. మాటలో తీపి తక్కువ, తప్పు తక్కువ.

"భోంచేశారా?"

"చేశాను. తిట్టడానికైతే తొందరగా తిట్టెయ్, పొయ్యి మీద నీళ్ళున్నాయి."

"మిమ్మల్ని కాదు, మమ్మల్ని మేం తిట్టుకోవాలి. మీ చెయ్యి తప్పేం లేదు, దోన్ ఒవీడియో."

పొయ్యి వైపు లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"ఆరు వారాల నుంచీ పిడుగునే చూస్తూ కూర్చున్నాం గుడ్డివాళ్ళలాగా. నిన్న మొదటి మీట నుంచి చూశాను. మొదటి మీట దగ్గర్నుంచి పిడుగు దాకా మీకు పట్టేది పద్నాలుగున్నరే. ఫౌస్తోకి కూడా అంతే. మీరు మొదలెట్టడమే ఆలస్యం. జెరెమీయస్ లెక్కపెట్టి యా అన్నాక సెకనులో ఎనిమిది పదో వంతులు ఊరికే కూర్చుంటున్నారు."

"తీగ బాగాలేదేమో."

"తీగైతే ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ ఉంటుంది. మీది ప్రతిసారీ ఎనిమిదే, గడియారం పెట్టినట్టు. అందుకని పాతవి తీశాను. మీ వేళ్ళు పోయాక కూడా రెండున్నరేళ్ళపాటు మీ మొదటి మీట ఢంకా మోగిన క్షణంలోనే, సరిగ్గా సున్నా దగ్గరే పడింది. ఆలస్యం మొదలైంది పోయినేడు జూలైలో."

నోల్ఫా పోయింది పోయినేడు జూన్ నెలాఖరున. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇంకొక్కటి అడుగుతాను, కోప్పడకండి," అంది దెల్ఫీనా, ఈసారి కొంచెం మెల్లగా. "యుద్ధం మొదలయ్యే ముందు లెక్కపెడతారు చూడండీ, అది మీకెలా వినిపిస్తుంది? ఓసారి మీరే పెట్టండి."

"ఎలా వినిపించడమేంటి? అందరికీ వినిపించినట్టే. మూడు, రెండు, ఒకటి, యా..." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "యా!"

అని, ఆగిపోయాడు.

జట్టుకి వైద్యురాలిగా ఆడింది నోల్ఫా. ఆయన్ని ఈ ఆటలోకి లాక్కొచ్చిందీ ఆవిడే. ఇదే బల్లకి అటువైపు కూర్చుని, తొమ్మిదేళ్ళు లెక్కపెట్టింది కూడా ఆవిడే. చిలీవాళ్ళ నోట్లో యా అన్న మాట ఊరికే ఉండదు. సరే అనడానికీ యా, విన్నాను అనడానికీ యా, ఇక కానివ్వండి అనడానికీ యానే. బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకి వడ్డించిన మనిషి నోల్ఫా. ఒకటి అన్నాక, అందరూ సిద్ధమేగా అన్నట్టు మెల్లగా ఓ యా అనేది. ఊపిరి తీసుకునేది. ఆ తర్వాత అసలు యా. కదలాల్సింది ఆ రెండోదానికి. ఆవిడ పోయాక లెక్క జెరెమీయస్ చేతికొచ్చింది. అతను ఒక్కసారే అంటాడు. మిగతావాళ్ళ చెవులు వారంలో మారాయి. ఒవీడియో చెవి మారలేదు, మారలేదన్న సంగతి ఆయనకీ తెలీదు.

"అవును," అంది దెల్ఫీనా. "ఆవిడ రెండుసార్లు అనేది. నేనే మర్చిపోయాను, చూడండి."

"నీళ్ళు మరుగుతున్నాయి, తల్లీ. తర్వాత మాట్లాడతాను," అన్నాడు ఒవీడియో. నీళ్ళు మరిగి సగానికి ఇగిరేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఏడాది పైగా తను ముసలివాణ్ణయిపోయానని కుమిలినవాడికి ఆ భారం దిగింది. దాని చోట ఇంకోటి కూర్చుంది. అది దిగేది కాదని ఆయనకి అప్పుడే అర్థమైంది.

ఆదివారం అందరూ వచ్చారు. దెల్ఫీనా ముందే చెప్పినట్టుంది, జెరెమీయస్ గొంతు దగ్గుతో మొదలైంది.

"దోన్ ఒవీడియో, ఇది మేమే గమనించాల్సింది. ఏముందీ, నేనూ రెండుసార్లే అంటాను. అందరూ రెండోదానికి కదలండి. సరేనా?"

సరేనన్నారు. మూడు, రెండు, ఒకటి, యా. మొదటిదానికే ముగ్గురు దూకారు, ఢంకా ముందే మోగింది. రెండో యా వచ్చేసరికి ఒకడు చచ్చి పడున్నాడు, ఒవీడియో ఒక్కడే కచ్చితంగా సమయానికి గాలి విసిరాడు. ఉప్పురాణి తొమ్మిది సెకన్లలో అందర్నీ ఊడ్చేసింది.

"బాబోయ్, పెళ్ళిలో కూడా ఇంత తోపులాట చూళ్ళేదు," అన్నారెవరో. అందరూ నవ్వారు.

"పర్లేదు, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది," అన్నాడు జెరెమీయస్.

"వద్దు," అన్నాడు ఒవీడియో.

"దోన్ ఒవీడియో, మాకేం కష్టం లేదు. నిజంగా."

"ఏడుగురి చెవులు మార్చడమెందుకు, నాది మార్చుకుంటాను. నువ్వు ఒక్కసారే అను, ఎప్పటిలాగా. నువ్వు రెండోసారి అన్నా అది నీ గొంతే కదయ్యా. ఆవిడది కాదు."

ఎవరి ఇంట్లోనో కుక్క మొరిగితే దాన్ని ఊరుకోమన్నారు. జెరెమీయస్ మళ్ళీ లెక్కపెట్టాడు, ఒక్క యా. ఒవీడియో ఆలస్యం. ఆ పై సారి కసితో మరీ ముందే నొక్కేశాడు, రాణి నేరుగా ఆయన మీదికే వచ్చింది. మూడోసారి మళ్ళీ ఎనిమిది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మర్యాదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

నాలుగోసారి కళ్ళు మూసుకున్నాడు. బల్లకి అటువైపు ఖాళీ కుర్చీ ఉందని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది. నన్ను క్షమించు, అని లోపల అనుకున్నాడు, ఇంకా ఏదో అనుకోబోయేలోగా మూడు, రెండు, ఒకటి, యా. వేలు పడింది. నోల్ఫా రెండో యా వినిపించాల్సిన చోటికి వచ్చేసరికి ఆయన గాలి విసిరి మబ్బు దగ్గరికి వెళ్ళిపోయాడు. మెరుపు, గాలి, వడగళ్ళు. ఢంకా ఇంకా మోగుతుండగానే పిడుగు పడింది. రాణి ఉప్పుగోడ కట్టుకోలేకపోయింది. ఆ తర్వాత పదకొండు నిమిషాల యుద్ధం మిగిలింది, దాన్ని వాళ్ళు ఆరు వారాల కసితో చేశారు.

రాణి కూలగానే చెవులు చిల్లులు పడేలా అరిచారు. జెరెమీయస్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫౌస్తోని ఇంకో జట్టు చూసుకోమని చెప్పెయ్యండి అని ఎవరో, వచ్చే ఆదివారం మళ్ళీ మొదటి బురుజు నుంచి అని ఇంకెవరో.

"వస్తారుగా, దోన్ ఒవీడియో?"

"వస్తాను. ఎక్కడికి పోతాను?"

ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. దెల్ఫీనా ఉండిపోయింది.

"సున్నా," అంది. "మొదటి మీట సరిగ్గా సున్నా. చిట్టా పంపిస్తాను, దాచుకోండి."

ఒవీడియో మూడు వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం, తనకే తెలియకుండా, ఆవిడ ఊపిరి తీసుకునేందుకు కాస్త చోటు వదిలి కూర్చున్నాడు. ఇవాళ ఆ చోటు తనే మూసేశాడు. జట్టులో కుర్చీ దక్కింది. దాని ఖరీదు ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది.

"ఇవాళ్టిది వద్దు తల్లీ. పాతది ఒకటి పంపు. ఆవిడ ఉన్నప్పటిది."

"ఏది?"

"ఏదైనా పర్లేదు. ఆవిడ లెక్కపెట్టింది."

దెల్ఫీనా తటపటాయించింది. "అందులో గొంతు ఉండదు, దోన్ ఒవీడియో. ఎవరు ఎప్పుడు మీట నొక్కారో ఆ సమయాలే ఉంటాయి."

"తెలుసు. సమయాలు చాలు."

కాసేపటికి అది తెర మీదికి వచ్చింది, రెండేళ్ళ కిందటి ఏదో ఆదివారానిది. అద్దాలు పెట్టుకుని మొదటి రెండు వరసలూ చదివాడు. సున్నా దగ్గర ఒవీడియో, గాలి. సున్నా దగ్గరే నోల్ఫా, ఒవీడియోకి కవచం.