ఖాళీ బండి బరువు

మా షెడ్డులో తయారైన అల్యూమినియం ట్రైలర్ డ్రాయింగులో చూపినదానికంటే మనుషుల అలసటంత ఎక్కువ తూగుతోంది. కాటా తనే నడిచొచ్చి ట్రైలర్ కింద కూర్చుంది కాబట్టి లెక్కలో పొరపాటు లేదు.

"పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, వెనక గార్డూ లైట్లూ రూలు ప్రకారమే ఉన్నాయి," అంటాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు. "అలసటే ఎక్కువైంది. ఖాళీ బండిలో ఇంత ఉండకూడదండీ. తీసేయండి."

ఇన్నాళ్ళూ ఆటోనగర్‌లో మేం ఇనప బాడీలే కట్టాం. ఇనుము బరువులో మనుషుల అలసట కలిసిపోయేది, ఎవరూ అడిగేవారు కాదు. అల్యూమినియంలో దాచడానికి చోటుండదు.

తప్పు మాదే. ఇనుము కాలితే ఎర్రబడుతుంది. అల్యూమినియం ఎర్రబడదు, ఉన్న రంగులోనే ఉండి ఒక్కసారిగా కారిపోతుంది. ఇనుముకు అలవాటుపడ్డ కళ్ళతో ఎరుపు కోసం చూస్తూ ప్రతి అతుకుకూ చిల్లు పెట్టుకున్నాం, మళ్ళీ అతికాం. అతికిన చోటల్లా మా ఓపిక లోపలికి ఇంకిపోయింది.

నాగుల్‌మీరా మా నాన్న కాలం నాటి వెల్డరు. నేను బాబాయ్ అంటాను. ఈ బండి పాసైతే ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపోవాలని ఆయన కోరిక. ఇంకేమీ అడగడు. పాసయ్యేదాకా షెడ్డు గేటు మనుషులకు తెరుచుకోదు.

"ఇంకా ఎంతసేపు బాబూ?"

"అయిపోయింది బాబాయ్."

ఈ మాట అనీ అనీ నాకే విసుగొచ్చింది.

అతుకుల్లో వేళ్ళు పెట్టి అలసటను బయటికి లాగుతాం. తడిసిన బొంతలా వస్తుంది. షెడ్డు వెనక దండెం మీద వేస్తే దండెం సాగి నేలకంటుతుంది.

చివరి ముక్క లాగగానే ట్రైలర్ మోకాలెత్తు పైకి లేచి అక్కడే ఆగుతుంది.

ఇన్‌స్పెక్టరు వంగి టైర్ల కింద చెయ్యి ఆడిస్తాడు. "ఇదీ కుదరదండీ. టైర్లు నేలకు ఆనాలి. గాల్లో ఉన్న బండికి బ్రేకు ఎట్టా చూడమంటారు?"

"తీసింది కొంచెం తిరిగి పెడతాం సార్."

"అది పాతదైపోయింది, చెల్లదు. కొత్తది కావాలి."

నేను ఎక్కి పడుకుంటాను. నా అంత అలిసినవాడు బెజవాడలో లేడని నా నమ్మకం. ట్రైలర్ కొద్దిగా దిగి బెత్తెడు ఎత్తులో ఆగిపోతుంది.

బాబాయ్ నిలబడ్డచోటి నుంచే అంచు మీద చెయ్యి ఆనిస్తాడు. టైర్లు దబ్బున నేలను తాకుతాయి. బరువుకు కింద స్ప్రింగు కమాన్ కట్టలు కిర్రుమంటాయి. ఇన్నేళ్ళు ఆయన పక్కనే పనిచేశాను, నాకు తెలియలేదు.

"ఇప్పుడు సరిపోయింది," అంటాడు ఇన్‌స్పెక్టరు కాటా చూసి. "ఇది బండిలోనే ఉండాలి మరి."

"ఉంచుకోండి సార్, నాకెందుకు," అని బాబాయ్ తనలో ఉన్నదంతా అరచేత్తో ట్రైలర్ మీదికి తుడిచేస్తాడు. ఇన్‌స్పెక్టరు సుద్దముక్కతో టిక్కు పెడతాడు. గేటు తెరుచుకుంటుంది. లారీ వచ్చి ట్రైలర్‌ను తగిలించుకుని హైవే వైపు వెళ్ళిపోతుంది.

బాబాయ్ పాదాలు నేలకు ఆనడం లేదు. గాలికి కొట్టుకుపోకుండా చొక్కా కొస పట్టుకుని, కరెంటు తీగలొచ్చినప్పుడల్లా తల వంచుకోమని చెబుతూ, పటమట వీధుల్లోంచి ఆయన్ని ఇంటికి తీసుకెళ్తాను.

ఆయన భార్య హుసేన్‌బీ పిన్ని తలుపు తీస్తుంది. ఆయన్ని చూసి ముందు ఫ్యాను ఆపుతుంది. బాబాయ్ పైకి తేలి వీపు స్లాబుకు ఆనించి పడుకుంటాడు. పిన్ని స్టూలెక్కి కింద నుంచి దుప్పటి కప్పుతుంది.

"కళ్ళు మూసుకోవేంటి?"

"నిద్ర రావట్లేదే."

"ఇంత చాకిరీ చేసొచ్చి నిద్ర రాదంటావేంటి?"

"అలసట లేకుండా నిద్దరెట్టా వస్తది? అది బండిలో పోయింది."

పిన్ని నా వైపు చూస్తుంది. నేను స్టూలు కదలకుండా పట్టుకుంటాను.

హైవే మీద నుంచి గురక వినిపిస్తోంది. ఖాళీ ట్రైలర్ గురకపెడుతూ పోతోంది. అది బాబాయ్ గురకేనని పిన్ని గుర్తుపడుతుంది. ఎక్కడ దానికి మెలకువ వస్తుందోనని, దూరమయ్యేదాకా ముగ్గురం చప్పుడు చేయకుండా వింటాం.