పక్కవాడి డైలాగు

మా బామ్మర్ది దృష్టిలో నాటకం ఒక జబ్బు. ముదిరితే ఇంట్లో పొయ్యి వెలగదు, నయమైతే మనిషి టైల్స్ షాపులో కూర్చుంటాడు. ఆ షాపు వాడిదే. నా పెళ్ళినాటికి ముక్కు కారుతూ నిక్కర్లో తిరిగిన వెధవ, ఇప్పుడు నాకు బతకడం నేర్పుతాడు.

"బావా, మొన్న మీ రాజు వేషానికి చప్పట్లు మోగిపోయాయట కదా. ఆ చప్పట్లు కిరాణా కొట్టువాడు తీసుకుంటాడా?" అన్నాడోసారి, మా ఇంట్లో కూర్చుని, మా అన్నం తింటూ. మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. అంత జోకు వాడి బుర్రలో పుట్టిందంటే నేను నమ్మను. ఎక్కడో విని వచ్చుంటాడు.

నాకు ఒక పని కూడా వాడే చూశాడు. వాడు టైల్స్ వేసే ఫ్లాట్ల కంపెనీకి మనుషులు కావాలట. ఆదివారాలు వాళ్ళ ఆఫీసులో కొనడానికి వచ్చినవాళ్ళలా కూర్చోవాలి. నిజంగా వచ్చినవాళ్ళకి ఫ్లాట్లు చేజారిపోతున్నట్టు కనపడాలి. అంతే.

"ఇది కూడా పోగొట్టుకుంటే మా తమ్ముడి షాపే. నాటకాలకి దణ్ణం పెట్టేస్తానని మాటివ్వండి" అంది మా ఆవిడ. ఇచ్చాను. కూటి కోసం కోటి విద్యలు. పైగా, లేని రాజ్యం ఇన్నేళ్ళుగా పోగొట్టుకుంటున్నవాణ్ణి, లేని డబ్బుతో ఫ్లాటు కొనలేనా అనుకున్నాను.

అక్కడ అమ్మేవాడికి నేను కోటుబాబు అని పేరు పెట్టుకున్నాను. కోటు తప్ప వాడిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ప్రతి ఆదివారం అవే మాటలు, అదే వరసలో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వాక్యం సగంలో ఊపిరి అయిపోతుంది. "ఇంక రెండే మిగిలాయి" అన్నది ఆ మొత్తం వ్యవహారానికి ప్రాణం లాంటి మాట. దాన్ని కరెంటు బిల్లు చదివినట్టు చదివేవాడు. ఎవరూ కొనకపోతే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏసీ సరిగ్గా పనిచేయలేదనేవాడు. నేను సోఫాలో ఇంటి బొమ్మల పుస్తకం తిరగేస్తూ పళ్ళు నూరుకునేవాణ్ణి.

మా నాటక సమాజంలో ఒక కట్టుబాటు ఉంది. నాకు వేషం కట్టడం నేర్పిన పెద్దాయన దాన్ని చెంపదెబ్బ కొట్టి మరీ నేర్పాడు. వేదిక మీద పక్కవాడు మాట మరిచిపోతే అందించాలి. వాడు నీ వేషం కాజేసినవాడైనా సరే. "ఆగిపోయేది వాడు కాదురా, నాటకం" అనేవాడు. అందుకే మాలో ప్రతివాడికీ పక్కవాడి డైలాగులు కూడా నోటికొచ్చి ఉంటాయి. పెదాలు కదపకుండా, వాడికి మాత్రమే వినపడేలా అందించాలి. అలా ఎంతమందిని గట్టెక్కించానో. ఒక్కడూ దిగాక థాంక్స్ చెప్పలేదు.

ఆ ఆదివారం ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య వచ్చారు. డ్రైవరు సగం ఒప్పుకున్నట్టే ఉన్నాడు. ఆవిడ ఒళ్ళో సంచీని రెండు చేతులతో పట్టుకుని వింటోంది. సరిగ్గా అప్పుడే కంపెనీ ఓనరు చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే కోటుబాబుకి నోరు పడిపోయింది.

"మీలాంటివాళ్ళ కోసమే... అంటే... మీలాంటివాళ్ళ కోసం..."

ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ణే కాదు.

"ఆఖరి రెండూ ఆపి ఉంచాం" అని అందించాను.

"ఆఖరి రెండూ ఆపి ఉంచాం" అన్నాడు వాడు. మళ్ళీ ఆగాడు.

"రేపటికి ఉంటాయో లేదో చెప్పలేను."

"రేపటికి ఉంటాయో లేదో చెప్పలేను" అన్నాడు, శవం పలికినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో మాట వాడి చేతిలో చావనివ్వబుద్ధి కాలేదు. బొడ్డు దగ్గర నుంచి ఊపిరి తీసి, చివరి వరసకి వినపడేలా నేనే చెప్పేశాను. "ఇల్లు మనల్ని వెతుక్కుంటూ ఒక్కసారే వస్తుందమ్మా."

ఏ రాజు వేషంలోనూ అంత బాగా చెప్పలేదు. ఒట్టు.

డ్రైవరు భార్య నా వైపు తిరిగింది. "మీరూ కొనడానికే వచ్చానన్నారు కదండీ. ఆయన చెప్పాల్సినవి మీకెలా తెలుసు?"

ఒక మాట అందిస్తాడేమోనని కోటుబాబు వైపు చూశాను. వాడు గోడ వైపు చూశాడు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, "పదండి" అంది మొగుడితో.

"ఎవరయ్యా ఈయన?" అన్నాడు ఓనరు.

"తెలీదు సార్. ఎవరో కస్టమరు" అన్నాడు కోటుబాబు. ఆ ఒక్కటీ మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

ఆ పనీ పోయింది. ఇంటికెళ్ళి జరిగినదంతా చెప్పాను. మా ఆవిడ చివరిదాకా వింది. "టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ళ ముందు ఎవరైనా ఆడతారు. ఊరికే కూర్చోమంటే కూర్చోలేకపోయారు. ఏం నటులండీ మీరు?"

నా నటన గురించి పేపర్లవాళ్ళు రాశారు, పండితులు మాట్లాడారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు షాపులో కూర్చుంటున్నాను. నా రాజు వేషం, ఇన్నాళ్ళూ నా వెనక బల్లెం పట్టుకుని ఆవలించినవాడికి వెళ్ళింది. బామ్మర్ది నన్ను అందరికీ "మా బావ, పెద్ద ఆర్టిస్టు" అని పరిచయం చేస్తాడు. 'పెద్ద' దగ్గర వాడి పెదవి వంకర పోతుంది. వాడి డైలాగులు నాకు మూడో రోజుకే నోటికొచ్చేశాయి.

నిన్న ఒక కాంట్రాక్టరు వచ్చాడు. బిల్డింగు మొత్తానికి టైల్స్ కావాలట. ఎన్నాళ్ళ నుంచో మా బామ్మర్ది ఎదురుచూస్తున్న బేరం. మొదలుపెట్టాడు, బాగానే నడిపాడు, తీరా అసలు చోటికొచ్చేసరికి ఆగిపోయాడు. నోరు తెరిచి నా వైపు చూశాడు. చిన్నప్పటి ముఖమే.

మాట నా పెదాల దాకా వచ్చింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

కాంట్రాక్టరు కాసేపు చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడు. పెద్దాయన ఉంటే నా చెంప పగిలేది. నాకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. లేదు. మా ఆవిడకిచ్చిన మాట నేను నిజంగా చెల్లించింది ఆ నిమిషంలోనే. నాటకం మానేశాను.