గుమ్మం బయట చెప్పులు

ఆళ్లగడ్డలో ఆ డిగ్రీ కాలేజీకి మేడ మూడంతస్తులు, బోర్డు అంతకన్నా గొప్పది. లోపల చదువుకునే పిల్లలు మాత్రం ఒక్క ఆటోలో పడతారు. మిగతావాళ్లంతా ఉత్త పేర్లే. పేరున్న ప్రతివాడి ఫీజూ ప్రభుత్వమే కడుతుంది గనుక కాలేజీకి మనుషులతో పనిలేదు, పేర్లుంటే చాలు. అక్కడ కామర్సు చెప్పే పరంజ్యోతికి మొదట్లో ఈ సంగతి సిగ్గనిపించేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు.

ప్రతి వేసవిలో లెక్చరర్లే ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్చాలి. చేర్చినవాడికే మరుసటేడు ఉద్యోగం. పరంజ్యోతి బండిఆత్మకూరు, గడివేముల ఊళ్ల వైపు చర్చిలు పట్టుకుని తిరిగేవాడు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు పక్కన నిలబడి, రూపాయి కట్టే పనిలేదని, కాలేజీకి వచ్చే పని అంతకన్నా లేదని, కూలికి పోతూనే డిగ్రీ చేతికొస్తుందని చెప్పేవాడు. రానక్కర్లేదన్న మాట అందరికీ నచ్చేది. ఆ కూలీల్లో సువార్తమ్మ అనే ఆమె కూతురు షాలినికి ఒక్కదానికే నచ్చలేదు. రాకపోతే చదువెట్లా వస్తుందని అడిగి, రెండు బస్సులు మారుతూ మూడేళ్లుగా రోజూ వస్తోంది. మూడో సంవత్సరం గదిలో ఆమె ఒక్కతే. పరంజ్యోతి పాఠం ఆమెకొక్కదానికే చెబుతాడు, హాజరు మాత్రం పేరున్న అందరికీ వేస్తాడు. ఆఖరి పరీక్షలు దగ్గరపడ్డాయి. అవి గట్టెక్కితే బీఈడీ చేసి టీచరవ్వాలని ఆ పిల్ల ఆశ.

ఈ ఏడు ప్రభుత్వం కళ్లు తెరిచింది. పిల్లలు నిజంగా వచ్చే కాలేజీలకే ఫీజులిస్తామంది, దొంగ హాజరు పడినవాళ్లను పరీక్షకు కూడా కూర్చోనివ్వబోమంది. నంద్యాల నుంచి తనిఖీకి ప్రసన్న మేడం వస్తోందని ముందురోజే కబురందింది. కాలేజీ యజమాని శ్రీనివాసులు పరంజ్యోతిని పిలిచి, నీ పిల్లల్ని నువ్వే తెచ్చుకో అన్నాడు.

తెల్లారగానే కాలేజీ బస్సు ఊళ్ల మీద పడింది. పత్తి చేలకు బయల్దేరినవాళ్లనూ, విత్తనాల గోడౌన్లలో మూటలు మోసేవాళ్లనూ ఎక్కించుకొచ్చింది. మెడలో కార్డులు వేశారు. సబ్జెక్టుల పేర్లు, సార్ల పేర్లు అన్నీ బస్సులోనే బట్టీ పట్టించారు. చెప్పుల సంగతి ఎవరికి తడుతుంది? చర్చిలోకైనా పెద్దల ఇంట్లోకైనా చెప్పులతో పోయే అలవాటు లేనివాళ్లు వాళ్లు. చదువుల గది వాళ్లకు అంతకన్నా పెద్ద గడప. గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విడిచి, గోడవారగా వరసగా పెట్టి, వట్టికాళ్లతో మెల్లగా లోపలికి నడిచారు.

పరంజ్యోతి చూస్తూనే ఉన్నాడు. వేసుకోండని చెప్పాలి. చెప్పకుండా హాజరు పుస్తకం తెరుచుకున్నాడు.

షాలిని అప్పటికే తన బెంచీలో కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నామె షాలిని కాళ్లకున్న చెప్పులకేసి చూసి, తన పాదాలు బెంచీ కిందికి లాక్కుంది. ఆమె సిగ్గుపడుతుంటే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండటం ఆ పిల్లకు చేతకాలేదు. లేచి వెళ్లి తన చెప్పులు కూడా బయట విడిచి వచ్చింది.

ప్రసన్న వచ్చి గుమ్మంలోనే ఆగింది. పక్కనే, రోజూ వచ్చే పిల్లలుండే మొదటి సంవత్సరం గది ముందు ఒక్క చెప్పు లేదు. ఇక్కడ చెప్పులు గోడ పొడుగునా ఉన్నాయి.

"మూడేండ్ల నుంచి వస్తాండే పిల్లలకు క్లాసులోకి చెప్పులతో పోవచ్చని తెలీదా?" అని అడిగింది.

పిల్లలకు చదువంటే భక్తి అని శ్రీనివాసులు నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఈ గదిలో ఉన్నవాళ్లందరిదీ దొంగ హాజరే అని పక్కనున్న గుమాస్తాతో రాయించింది.

షాలిని లేచి నిలబడింది. "నేను దినామూ వస్తాండా మేడం. పాఠాలడగండి, చెప్తా."

"చదువు ఇంట్లో గూడా చదువుకోవచ్చమ్మా. మేం చూసేది హాజరు. అది అందరికీ ఒకే తీరుగా ఉంది," అంది ప్రసన్న. తర్వాత ఆమె పాదాలు చూసి, "నీ చెప్పులూ ఆడనే ఉండాయి కదా," అంది మెల్లగానే.

అప్పుడు మాట్లాడాడు పరంజ్యోతి. తన గొంతు తనకే పక్కింట్లోంచి వినిపించినట్టుంది.

"ఈ పాప ఒక్కతే వస్తాది మేడం. తక్కినోళ్లు రారు. అందరికీ హాజరేసింది నేనే."

ఉద్యోగం పోయిందని తెలిసింది. భయం లేదు, బరువు దిగినట్టూ లేదు. ప్రసన్న హాజరు పుస్తకం అతని వైపు తిప్పింది.

"మూడేండ్లు అబద్ధం రాసినారు. ఈ పొద్దు మీ మాట మీద ఏం రాసుకోమంటారు సార్?"

మేడం వెళ్లిపోయింది. వచ్చినవాళ్లు చెప్పులు వెతుక్కుని, ఈ రోజు కూలి ఎవరిస్తారని గొణుక్కుంటూ బస్సెక్కారు. గోడవార ఒక జతే మిగిలింది. షాలిని ఏడవలేదు. అవి తొడుక్కుని అతని దగ్గరికొచ్చింది.

"రేపు క్లాసుంటాదా సార్?"

"ఉంటాది," అన్నాడు అలవాటు కొద్దీ.

శ్రీనివాసులు అతన్ని నెలాఖరు దాకా ఉండి పొమ్మన్నాడు. మర్నాడు షాలిని ఎప్పటిలాగే వచ్చి, చెప్పులతోనే తన బెంచీలో కూర్చుంది. పరంజ్యోతి హాజరు పుస్తకం తెరిచి పేరు పిలిచాడు. ఆమె పలికింది. పుస్తకం మూయబోతూ చూశాడు. ఆ రోజు గడిలో పైనుంచి కిందిదాకా అందరికీ హాజరు పడి ఉంది. ఎప్పుడు వేశాడో అతనికే తెలియదు. కొట్టేద్దామని పెన్ను ఎత్తాడు. కొట్టేస్తే ఆమెది ఒక్కటే మిగులుతుంది, మొదటి రోజు నుంచీ ఉండవలసినట్టుగా. ఇప్పుడది ఆమెను పరీక్షకు కూర్చోబెట్టదు, ఇంకెవరికీ అక్కర్లేదు.

షాలిని నోట్సు తెరుచుకుని, పాఠం కోసం చూస్తోంది.